ముందే మంజూరైన ఆశ్చర్యం

నాకొక సందేహం ఉంది. పెళ్ళయిన రోజున పట్టుకుంది, ఏళ్ళు గడిచినా వదల్లేదు. భార్యను గురించి కాదు. ఆవిడ విషయంలో నా సందేహాలన్నీ ఆవిడే మొదటి వారంలో తీర్చేసింది. ఇది ఒక పాటను గురించి.

మా ఊరిని రైలు పట్టాలు నిలువునా రెండు చేశాయి. పెళ్ళివారికి విడిది ఏ పక్కన దొరికినా మండపం రెండో పక్కనే ఉంటుంది. అందుచేత మా ఊళ్ళో ప్రతి పెళ్ళికొడుకూ రైలు గేటు దగ్గర కాసేపు నిలబడవలసిందే. స్వామివారి పల్లకీకైనా, శవానికైనా, ఎమ్మెల్యేకైనా అదే మర్యాద.

నా పెళ్ళి ఊరేగింపూ అక్కడే ఆగింది. గూడ్సు బండి రావాలి. బ్యాండులో శాక్సాఫోన్ వాయించే దయానిధి, ఊరికే నిలబడడం ఎందుకని నరసింహస్వామి భజన ఒకటి ఎత్తుకున్నాడు. అందరికీ తెలిసిన పాటే. కొంతసేపు తిన్నగానే నడిచాడు. ఇంతలో గూడ్సు వచ్చింది. పెట్టెలు పట్టాల అతుకుల మీద టకటకమని పోతుంటే, పాట ఆ లయ పట్టుకుని మెల్లగా పక్కకు జరిగింది. తర్వాత ఎటో వెళ్ళిపోయింది. నేను బాసికం కింద కారే చెమటను కూడా మరిచిపోయి వింటున్నాను. ఇదిగో తిరిగి స్వామి దగ్గరికి వస్తుంది, ఇదిగో వస్తుంది అనుకుంటుండగానే గేటు లేచింది.

“ముహూర్తం మించిపోతా ఉండాది, నడండయ్యా!” అని పురోహితుడు కేకేశాడు.

పాట అక్కడే తెగిపోయింది.

నా సందేహం ఇంతే. ఆ పాట తిరిగి వచ్చి ఉండేదా? స్వామి పాటగా మొదలై ఎటో పోయినదాన్ని స్వామి పాట అనవచ్చునా? పూజాసామగ్రి అంగడి నడుపుకునేవాణ్ణి, పెద్ద చదువులు చదవలేదు కాబట్టి ఇలాంటివి తోస్తాయి. రోజూ పొద్దున అష్టోత్తరం చదువుతూ ఉంటే సగంలో మనసు కర్పూరం డబ్బాల మీదికి పోతుంది. అప్పుడల్లా ఆ పాటే గుర్తొస్తుంది.

దయానిధిని అడిగితే నవ్వేవాడు.

“నీకు సగం పాట బాకీ ఉండా పెంచలన్నా. కాదనను. అయితే అంగట్లో సాంబ్రాణి పొట్లాల మధ్య నిలబడి తీర్చేది కాదది. ఊరేగింపు కావాలి, గేటు పడాలి, గూడ్సు రావాలి. ఇంకో పెళ్ళి చేసుకో, తీర్చేస్తా.”

నా భార్య చెంచమ్మ లోపలి నుంచి అందుకునేది.

“చేసుకోమను అబ్బయ్యా. ఈయన్ని చేసుకునే మారాణి యాడుందో నేనూ చూడాల.”

“నువ్వుండావు గదా వదినా. మళ్ళీ నువ్వే చేసుకో.”

ఈ హాస్యం ఏళ్ళ తరబడి నడిచింది. ఈ ఏడు నాకు అరవై నిండాయి. షష్టిపూర్తికి అదే భార్య మెడలో మళ్ళీ తాళి కట్టాలి. విడిది ఈ పక్క, మండపం ఆ పక్క. దయానిధి అంగడికి వచ్చి, “బాకీ తీర్చే రోజొచ్చింది” అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి జాజ్ సంగీతం మీద ప్రేమ పుట్టింది.

ఎలా పుట్టిందో పేపర్లో వేశారు. ఒక పెద్దాయన విదేశాలకు వెళ్ళి హోటల్లో భోజనం చేస్తున్నప్పుడు పక్కన జాజ్ వాయించారట. భోజనం బాగుండడం వల్ల సంగీతం కూడా బాగుందనిపించిందట. తిరిగి రాగానే ‘జిల్లాకొక జాజ్ విద్వాంసుడు’ అనే పథకం పెట్టారు. దాని కోసం రాష్ట్ర జాజ్ ప్రమాణాల మండలి ఏర్పడింది. మండలికి భవనం, జీపులు, ముద్రలు వచ్చాయి. జాజ్ ఒక్కటే రావలసి ఉంది.

మా ఊళ్ళో అది ఎప్పటినుంచో ఉంది. లోకోషెడ్డు వెలిగిన కాలంలో నార్టన్ దొర అనే ఇంజను డ్రైవరు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో శాక్సాఫోన్ వాయించేవాడు. ఆయన దగ్గర దయానిధి నేర్చుకున్నాడు. ఆదివారం చర్చిలోనూ, మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళలో, చావుల్లోనూ వాయిస్తాడు. తాను వాయించేది జాజ్ అని ఎవరికీ చెప్పుకోలేదు. ఒకసారి నేనే అడిగితే చెప్పాడు.

“ఇంటికి దారి తెలిసినోడు తిన్నగా ఇంటికి పోకుండా, నాలుగు వీధులు తిరిగి పోతాడు చూడు, అదన్నా జాజ్. దారి తెలీనోడు తిరిగితే మాత్రం దాన్ని తప్పిపోవడమే అంటారు.”

మండలి వచ్చిన సంగతి మాకు ఒక శవం ద్వారా తెలిసింది. రిటైరైన గార్డు ఒకాయన కాలం చేస్తే దయానిధి ముందు నడుస్తూ వాయిస్తున్నాడు. గేటు దగ్గర ఒక జీపు ఆగింది. అందులోంచి చక్రధరంగారు దిగారు. మండలి ప్రాంతీయ ధ్రువీకరణాధికారి.

“సదరు వాయిద్యము శాక్సాఫోనేనా?” అని అడిగారు.

“అవున్సార్.”

“మండలి రెండవ ఉత్తర్వు మేరకు అది జాజ్ పరికరము. ధ్రువపత్రము లేని వ్యక్తి జాజ్ పరికరమును బహిరంగముగా ఊదరాదు.”

“జాజ్ కాదు సార్. చావు.”

“సందర్భము మా పరిశీలనలోకి రాదు. పరికరము మాత్రమే వచ్చును.”

గార్డుగారి కొడుకు చేతులు జోడించాడు. “మా నాయన కోరిక సార్. ఈయనే వాయించాలన్నాడు.”

“దరఖాస్తుదారుడు జీవించి ఉన్నచో పరిశీలించవచ్చును” అన్నారు చక్రధరంగారు, కొంచెం జాలిగానే.

డప్పులు జాజ్ పట్టికలో లేవు కాబట్టి వాటిని వదిలేశారు. శాక్సాఫోన్ మూతికి దారం చుట్టి లక్క ముద్ర వేశారు. సీలు వేసిన పరికరాన్ని దయానిధి ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంచుకోవాలనీ, అడిగినప్పుడు చూపాలనీ చెప్పారు. ఇదంతా జరిగేంతసేపూ శవం ఆగింది. గేటు దగ్గర ఎలాగూ ఆగేదే కనుక ఎవరికీ ఆలస్యమనిపించలేదు.

ఆ రోజు దయానిధి మా అరుగు మీద కూర్చుని శాక్సాఫోన్ పెట్టె మీద చెయ్యి వేసుకున్నాడు.

“సుగుణ పోయినాక ఇంట్లో మాట్లాడేదానికి ఎవరుండారన్నా? ఏం చెప్పుకోవాలన్నా దీంతోనే గదా చెప్పుకుంటా ఉండేది. దీని నోరు గాదు, నా నోరు కట్టేశారు.”

సుగుణ అతని భార్య. కరోనాలో పోయింది. చెంచమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

ధ్రువపత్రం కోసం మండలి ఆఫీసుకు నేను కూడా వెంట వెళ్ళాను. నా బాకీ అందులో చిక్కుకుని ఉంది మరి.

చక్రధరంగారు కుర్చీలు చూపించారు. చెడ్డవారేం కాదు. గోడ మీద వినాయకుడి పటానికి రోజూ పువ్వు పెట్టే మనిషి.

“జాజ్ అనగా ముందుగా అనుకొనని విధముగా వాయించునది” అని చదివి వినిపించారు. “కావున మీరు ముందుగా అనుకొనకుండా ఏమి వాయించబోవుచున్నారో, దాని పూర్తి పాఠము మూడు ప్రతులలో ముందుగా సమర్పించవలెను.”

దయానిధి నా వైపు చూశాడు. నేను వినాయకుడి వైపు చూశాను.

“నేనేం వాయిస్తానో ముందే తెలిస్తే ఇంకెందుకు సార్ వాయించేది?”

“మీకు తెలియనవసరము లేదు. మాకు తెలియవలెను.”

“ఇంకొకటి” అన్నారు. “జాజ్ బాధలో నుండి పుట్టినదని నిపుణుల నివేదిక. అభ్యర్థి తగినంత బాధపడినట్లు తహసీల్దారు ధ్రువీకరించవలెను.”

తహసీల్దారు ఆఫీసులో కులానికీ, ఆదాయానికీ, నివాసానికీ ఉన్న కిటికీల పక్కనే బాధకు కొత్త కిటికీ తెరిచారు. ముందు నిలబడిన హరికథ భాగవతారును, “మీది సంప్రదాయ కళ, మీకు బాధ అక్కర్లేదు” అని పంపించేశారు.

“ఏం బాధ?” అని తహసీల్దారు దయానిధిని అడిగారు.

“భార్య పోయింది సార్. కరోనాలో.”

ఆయన పెన్ను ఆపి ఆలోచించారు. “అది విపత్తుల నిర్వహణ కిందికి వస్తుంది. వేరే సెక్షను. ఇంకేమైనా ఉందా?”

నేనే కలగజేసుకున్నాను. “సార్, రెండు నెలలుగా వాయించనివ్వడం లేదు. అదీ బాధే కదా?”

“ఎవరు వాయించనివ్వడం లేదు?”

“మండలివారు.”

“ప్రభుత్వ చర్య వల్ల కలిగిన ఇబ్బందిని బాధ అనకూడదు. సహకారం అనాలి.”

చివరికి చిన్నప్పుడు ఇంజను బొగ్గు మీద పడి మోకాలు చీరుకుపోయిన మచ్చ చూపిస్తే, ‘బాధ: మధ్యమ శ్రేణి’ అని రాసి ఇచ్చారు.

తర్వాత పాఠం. దయానిధి పెదవులతో పాడుతుంటే నేను అంగట్లో కూర్చుని తెలుగు అక్షరాల్లో రాశాను. ‘పా... పపా... పీ’ అని మూడు ప్రతులు. చక్రధరంగారు ఎర్రసిరా పెన్నుతో చదివారు.

“ఈ ‘పపా’ అనుకొని వచ్చినదా, అనుకొనకుండా వచ్చినదా?”

“అనుకోకుండా సార్.”

“అయితే పక్కన ‘అనుకొనకుండా’ అని వ్రాసి సంతకము చేయండి.”

చేశాడు.

పరీక్షకు శ్రోతలు కూడా కావాలట. శ్రోతలు ఆశ్చర్యపోవాలి, ఆశ్చర్యపోయినట్టు సంతకం పెట్టాలి. ఆ సంతకం ముందు రోజే కావాలి. శ్రోతగా నా పేరు రాశారు.

నాకు మనసొప్పలేదు. “సార్, ఇంకా వినందే ఆశ్చర్యపోయానని రాస్తే అబద్ధం కాదా?”

చక్రధరంగారు మెత్తగా నవ్వారు. “పెంచలయ్యగారూ, మీరు సంకల్పము ముందు చెప్పుకొని పూజ తర్వాత చేయుదురా, పూజ చేసిన తర్వాత సంకల్పము చెప్పుదురా?”

సంతకం పెట్టాను. ఆ రాత్రి అష్టోత్తరం ఇంకోసారి చదువుకున్నాను.

పరీక్ష రోజున లక్క తీశారు. దయానిధి మేము రాసిచ్చిన పాఠాన్ని ఒక్క ‘పపా’ కూడా తప్పకుండా వాయించాడు. నిపుణుల సంఘం కాగితం మీద వేలు పెట్టుకుని వెంట నడిచింది. అయిపోయాక చక్రధరంగారు లేచారు.

“వాయించినది సమర్పించిన పాఠముతో పూర్తిగా సరిపోయినది. కావున ఇందులో అనుకొననిది ఏదియు లేదు. కావున ఇది జాజ్ కాదు.”

మళ్ళీ లక్క వేశారు.

రెండోసారి దయానిధి కాగితం పక్కన పెట్టి కళ్ళు మూసుకుని వాయించాడు. కిటికీ బయట ఎవరో మోటారు సైకిలు ఎంతకీ స్టార్టు కాక కిక్కు కొడుతుంటే ఆ చప్పుడును కూడా లోపలికి లాక్కున్నాడు. నిపుణులలో ఒకావిడ కాలు ఆడించింది. పక్కాయన చూసేసరికి ఆపేసింది.

“వాయించినది సమర్పించిన పాఠము నుండి వైదొలగినది” అన్నారు చక్రధరంగారు. “జాజ్ అనుటకు సందేహము లేదు. కాని ఆమోదము లేని జాజ్.”

“సార్, ఒకటి వాయిస్తే జాజ్ కాదంటిరి. ఇంకొకటి వాయిస్తే ఒప్పుకోం అంటిరి. నేనేం చెయ్యాల?”

“రెండింటిని ఏకకాలములో సాధించిన అభ్యర్థి కొరకు మండలి కూడా ఎదురు చూచుచున్నది.”

లక్క వేశారు. ఈసారి దారం రెండు చుట్లు చుట్టారు.

షష్టిపూర్తి దగ్గర పడింది. దయానిధి అంగడి వైపు రావడం తగ్గించాడు. చర్చిలో కూడా వెనక బల్ల మీద కూర్చుని, పెట్టె ఒళ్ళో పెట్టుకుని వస్తున్నాడని విన్నాను. ఒకనాడు చెంచమ్మే వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది.

“మాట్టాడటంలా. ఏవడిగినా తల ఊపుతాండాడు. ఆ మనిషి ఇట్టాగే ఉంటే సుగుణ దగ్గరికి పోతాడు” అంది.

మరునాడు చక్రధరంగారు సంతోషంగా మా అంగడికి వచ్చారు. రాష్ట్రం మొత్తం మీద ఒక్కరు ఉత్తీర్ణులయ్యారట. ఆ గుర్తింపు పొందిన మొదటి జాజ్ కళాకారుడి తొలి బహిరంగ ప్రదర్శనకు నా షష్టిపూర్తి ఊరేగింపునే ఎంపిక చేశారట. శ్రోతగా నేను ముందే సంతకం పెట్టి ఉన్నానట.

“ఎవరు సార్ ఆయన?”

జీపు వెనక తలుపు తెరిచి చూపించారు. నీలం రంగు స్పీకరు పెట్టె. దానికి బంతిపూల దండ.

“సమర్పించిన పాఠమును ఎప్పుడును తప్పదు. అదే సమయమున, రెండవ నిమిషమున ఒక ఆమోదిత పొరపాటు, నాలుగవ నిమిషమున ఒక ఆమోదిత ఆశ్చర్యము అందులోనే కలవు.”

“మరి బాధ సార్?”

“సరఫరాదారు రెండేళ్ళ వారంటీ ఇచ్చినాడు.”

ఊరేగింపు రోజున నన్నూ చెంచమ్మనూ పూలకారులో కూర్చోబెట్టారు. ముందు ట్రాలీ ఆటోలో విద్వాంసుడు నడిచాడు. వెనక జీపులో చక్రధరంగారు. దయానిధి చుట్టాలతో పాటు నడుస్తున్నాడు, ఉత్తర్వు ప్రకారం సీలు వేసిన శాక్సాఫోన్‌తో. స్పీకరు పెట్టె వాయిస్తోంది. రెండో నిమిషంలో పొరపాటు వచ్చింది. ఎవరూ గమనించలేదు. నాలుగో నిమిషంలో ఆశ్చర్యం వచ్చింది. నేను సంతకం పెట్టిన మనిషిని కనుక ఆశ్చర్యపోవడానికి నిజాయితీగా ప్రయత్నించాను. కాలేదు.

గేటు దగ్గరికి చేరేసరికి గేటు పడింది. పెట్టె కూడా ఆగిపోయింది.

“ఏవైంది సార్, చెడిపోయిందా?” అన్నాడు ఆటో అతను.

“లేదు. ఊరేగింపునకు మంజూరైన వ్యవధి పూర్తి అయినది. గూడ్సు బండి నిమిత్తము పొడిగింపు కోరలేదు. పై నుండి అనుమతి రావలెను.”

దూరంగా గూడ్సు కూత వినిపించింది. అందరూ దయానిధి వైపు చూశారు. అతను తల వంచుకున్నాడు.

చెంచమ్మ పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని కారు దిగింది. “పెళ్ళికూతురు దిగకూడదమ్మా” అని ఎవరో అంటే, “నాకిది రెండోసారిలే” అంది. నేరుగా జీపు దగ్గరికి వెళ్ళింది.

“అయ్యా, ఈ గేటు ఎవురిది?”

“రైల్వే శాఖది.”

“ఆ గేటు పక్కన గుడిసె, దాని మెట్లు?”

“అదియును రైల్వేవారిదే. కేంద్ర ప్రభుత్వము.”

“మరి మీ మండలి?”

చక్రధరంగారు జీపు దిగి హద్దురాయి చూపించారు. తెలిసిన ప్రశ్న వచ్చినందుకు ఆయన ముఖం వెలిగింది. “రాష్ట్ర మండలి. మా అధికార పరిధి సదరు రాయి వరకే. రాయి దాటిన పిదప జరుగునది మండలి దృష్టిలో జరగనట్టే.”

చెప్పడం పూర్తయ్యాక ఆయనకు తాను చెప్పింది వినిపించింది. నోరు కొంచెం తెరుచుకుని ఉండిపోయింది.

“దా అబ్బయ్యా” అంది చెంచమ్మ.

దయానిధి కదల్లేదు. “వొద్దు వదినా. నా వల్ల మీకు...”

“మా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుంటాండాడు. ఇంకోసారి చేసుకునే ఓపిక నాకు లేదు. దా!”

గేటుమనిషి కూడా మా అంగట్లోనే అగరొత్తులు కొంటాడు. మెట్ల మీద చోటు చేసి పక్కకు తప్పుకున్నాడు. రాయి దాటాక చెంచమ్మ జడలోంచి పిన్ను తీసి దారం తెంపింది. లక్క ముక్కలై కింద పడింది. దయానిధి శాక్సాఫోన్‌ను పెదవుల దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు ఊపిరి లోపలికే పీల్చాడు.

గూడ్సు వచ్చింది.

అతను పాటను మొదటి నుంచి ఎత్తుకోలేదు. అప్పుడు ఎక్కడ తెగిందో అక్కడే ఎత్తుకున్నాడు. పెట్టెలు టకటకమని పోతున్నాయి, పాట వాటి మధ్య సందుల్లోంచి అవతలికి దూరి మళ్ళీ ఇవతలికి వస్తోంది. ఒకచోట ఏడ్చింది. ఏ తహసీల్దారూ శ్రేణి వేయలేని ఏడుపు. వెంటనే దాని మీద తానే నవ్వి, పెళ్ళివారిని కూడా నవ్వించింది. గార్డుగారి కొడుకు కళ్ళు తుడుచుకుంటూ, “అన్నా, మా నాయన సంవత్సరీకానికి కూడా ఈ మెట్ల మీదికే రా” అని అరిచాడు. పక్కన ఇంకెవరో, “మా పెళ్ళికి కూడా!” అన్నారు.

గూడ్సు వెళ్ళిపోయింది. గేటు లేచింది. పురోహితుడు, అప్పుడు కేకేసినాయన కొడుకే, నోరు తెరిచాడు. చెంచమ్మ ఆయన వైపు చూసింది. మూసేశాడు.

గేటు లేచినా ఎవరూ కదలని రోజు మా ఊళ్ళో అదే మొదటిది. రైలు లేకపోయినా పాట ఆ లయను వదల్లేదు. కొంచెం కొంచెంగా నెమ్మదించింది. ఒక మలుపు తిరిగింది. తిరిగేసరికి స్వామి పాట అక్కడే ఉంది, పొద్దున నేను అష్టోత్తరంలో వదిలేసి పోయిన చోట. ఎటో పోయిందనుకున్నంతసేపూ అది అసలు బయటికి పోయిందా అని నాకొక కొత్త సందేహం పుట్టింది. పాత సందేహం మాత్రం తీరింది. తిరిగి వచ్చేదే.

చక్రధరంగారు నా కారు కిటికీ దగ్గరికి వచ్చారు.

“పెంచలయ్యగారూ, ఆశ్చర్యపోయారా?”

“పోయాను సార్.”

“అనుకోకుండానా?”

“అనుకోకుండానే.”

“అయితే మీ సంతకం అబద్ధం కాదు లెండి” అన్నారు, మామూలు మనిషిలా. తర్వాత గొంతు సర్దుకుని, “ఇక్కడ నాకేమియు వినబడలేదు” అని జీపు ఎక్కారు.

దయానిధి మెట్లు దిగి వచ్చి, కండువాతో శాక్సాఫోన్ మూతి తుడుచుకున్నాడు.

“చెల్లిందా పెంచలన్నా?”

“చెల్లింది.”

గేటు మళ్ళీ పడేలోగా అందరం పట్టాలు దాటాం.